కన్నీళ్లు రాని ఒప్పుకోలు

“పదిహేడు,” అంది చిట్టి.

భోజనాల బల్ల మీద నట్లూ, వాషర్లూ, మాడిపోయిన ఫ్యూజులూ కుప్పగా పోసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి తెల్ల మాత్రల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన వరస పెట్టింది. ఆమె మందుల షాపు కౌంటరు దగ్గర పన్నెండేళ్లుగా నిలబడుతున్న మనిషి. మాత్ర మీద గీత చూసి పేరు చెప్పేయగలదు. అలాంటిది సొంత ఇంట్లో, సొంత మొగుడి పనిసంచీలోని స్క్రూల డబ్బాలో ఏం దాక్కుందో అత్తగారు మేకు కోసం వెతుక్కుంటే గానీ బయటపడలేదు.

“రోజూ నా ఎదురుగానే నోట్లో వేసుకున్నారు. నీళ్లు తాగారు. గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లారు. పదిహేడు రోజులు! ఎంత బాగా నటించారండీ, చప్పట్లు కొట్టమంటారా?”

ఆమె మొగుడు లిఫ్టు మెకానిక్కు. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రెండు వారాలుగా ఇదే వరస. పాపం చిట్టి దాన్ని మంచి సూచనే అనుకుంది. తన జోడీ పనివాడు లిఫ్టు కింద నలిగి చనిపోయిన రోజు నుంచి మంచానికి అతుక్కుపోయిన మనిషి, లేచి ఇల్లంతా తిరుగుతుంటే మందు పనిచేస్తోందని మురిసిపోయింది. షాపులో నలుగురికీ చెప్పుకుంది కూడా. ఇప్పుడా మురిపెం తల్చుకుంటే ఒళ్లు మండుతోంది.

“మానేస్తే మానేశాడు, పొద్దున్నే ఏంటమ్మా ఈ అరుపులు?” అత్తగారు వంటింటి గుమ్మంలోంచి కల్పించుకుంది. “ప్రార్థన బలం. ఆ మాత్రలు లేకుండానే లేచి తిరుగుతున్నాడు చూడు.”

“అత్తయ్యా, తిరగడం కాదది. ఒక్కసారిగా మందు ఆపేస్తే పట్టే అశాంతి. మీరు కాసేపు ఊరుకోండి, మీకు దణ్ణం పెడతాను.” చిట్టి మొగుడి వైపు తిరిగింది. “తల ఎలా ఉంది? నిజం చెప్పండి.”

“అప్పుడప్పుడు లోపల కరెంటు కొట్టినట్టుంటోంది.”

“కొట్టదా మరి! నిద్ర?”

అతను తల అడ్డంగా ఊపాడు.

చిట్టికి అనుమానం ఎప్పుడూ ఒకవైపే పరిగెడుతుంది, వాళ్ల అన్నయ్య వైపు. అన్నయ్య ప్రార్థనా మందిరం వెనక గదిలో మనసు బాగోలేనివాళ్లని కూర్చోబెట్టుకుని, వాక్యం చెప్పి, ప్రార్థన చేయించి, వాళ్ల గోడు వింటాడు. ఆ పనికి రెండేళ్లు చదువుకున్నాడు కూడా. ఊళ్లో వాళ్లకి ఆయన అయ్యగారు. చెల్లెలికి మాత్రం చిన్నప్పుడు ఆమె పలక మీద పేరు చెరిపి తన పేరు రాసుకున్న అన్నయ్యే.

“ఆపమని మా అన్నయ్య చెప్పాడా?”

“లేదు.”

“మాత్రల మీద కాదు దేవుడి మీద ఆధారపడు, అలాంటి మాట ఏదైనా?”

“ఊసే ఎత్తలేదు చిట్టీ. మందులు వేసుకుంటున్నారా బావగారూ అని రెండుసార్లు అడిగారు. ఆఁ అన్నాను.”

“అంటే ఆయన దగ్గరా నాటకమే. మరి ఎందుకు ఆపారు?”

అతను కిటికీ దగ్గర ఆగాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాడు. వణుకు కనబడకూడదని కాబోలు.

“ఏడుపు రావట్లేదు,” అన్నాడు.

చిట్టికి అర్థం కాలేదు.

“ఆ మాత్రలు వేసుకుంటే ఏడుపు రాదు. గుండెలో దూది కుక్కినట్టుంటుంది. బావగారేమో కన్నీళ్లతో ఒప్పుకోవాలన్నారు. నేను ఒప్పుకున్నాను గానీ, చుక్క నీళ్లు రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఇవాళ ఆ అమ్మాయి ముందు కూడా అలాగే చెప్తే నన్ను మనిషనుకుంటుందా?”

“మాటవరసకి అంటారండీ కన్నీళ్లతో అని! కొలత పెట్టి చూస్తారా ఎవరైనా?” అంది చిట్టి. అప్పటికి గానీ మిగతా మాట ఆమె చెవికెక్కలేదు. “ఏ అమ్మాయి? ఇవాళేంటి?”

అత్తగారికి హఠాత్తుగా వంటింట్లో పని గుర్తొచ్చింది.

“బక్కోడి భార్య,” అన్నాడు అతను. “నాలుగింటికి వస్తోంది. బావగారి గదికి.”

బక్కోడంటే ఆ చనిపోయిన జోడీ. ఎనిమిదేళ్లు ఇద్దరూ కలిసి లిఫ్టులు ఎక్కించారు, దించారు. మనిషి చీపురుపుల్లలా ఉండేవాడని ఇతనే ఆ పేరు పెట్టాడు, ఎదుట మాత్రం తమ్ముడూ అనే పిలిచేవాడు.

“ఆవిడ దగ్గర మీరు ఒప్పుకునేదేముంది? కంపెనీ విచారణ అయిపోయింది. రిపోర్టు వచ్చింది. మీ తప్పేం లేదని నల్లటి అక్షరాల్లో రాశారు. వంద సార్లు చెప్పాను మీకు!”

“చెప్పావు,” అన్నాడు. “వంద సార్లూ చెప్పావు.”

అతను మళ్లీ తలుపు వైపు నడక మొదలుపెట్టాడు.

* * *

షాపులో ఆ పొద్దు చిట్టి చేతులు ఒకచోట, మనసు ఒకచోట. డాక్టరు ఫోనెత్తడు. ఎత్తితే నర్సు ఎత్తుతుంది. నర్సు ఎత్తితే లైన్లో ఉండమంటుంది. లైన్లో పాట మోగుతుంటే, ఎదురుగా జ్వరం బిడ్డని భుజాన వేసుకున్న తల్లి చీటీ చాపి నిలబడింది. చిట్టి సీసా తీసి కౌంటరు మీద పెట్టింది. వెనక నుంచి ఓనరు చెయ్యి వచ్చి ఆ సీసాని తీసేసింది.

“అమ్మా చిట్టీ, ఇది పిల్లల జ్వరానికి కాదు, పెద్దవాళ్ల విరేచనాలకి. నువ్వు బయటికెళ్లి ఆ ఫోనేదో మాట్లాడుకునిరా. నా షాపు నిలబడనీ.”

ఇన్నేళ్లలో ఇలాంటి తప్పు చెయ్యలేదు. మొహం చిన్నబుచ్చుకుని, మెట్ల మీదికి పోయి నిలబడింది.

డాక్టరు ఎట్టకేలకు దొరికాడు. ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. నాలుగు నెలల కింద మొదటిసారి మొగుణ్ని తీసుకెళ్లినప్పుడు, ఏడు నిమిషాల్లో పంపించేశాడని చిట్టి గోడ గడియారం చూసి లెక్కపెట్టుకుంది. “నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, చావాలనిపిస్తోందా” అని వరసగా అడిగి చీటీ రాసిచ్చాడు. ఆ ఏడు నిమిషాల కోపంతోనే కదా ఆమె స్వయంగా మొగుడి చెయ్యి పట్టుకుని అన్నయ్య గదిలో కూర్చోబెట్టింది. ఎవర్నని ఏం లాభం?

“పదిహేడు రోజులా?” అన్నాడు డాక్టరు. “మీరు మీరుగా మళ్లీ మొదలుపెట్టకండి. సాయంత్రం ఆరింటికి తీసుకురండి, చూస్తాను. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు.”

“అత్తయ్య ఉన్నారండీ. కానీ నాలుగింటికి…” చిట్టి ఆ చనిపోయిన మనిషి భార్య వస్తోందని, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నారని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“మీ అన్నగారు మాట్లాడించడం తప్పు కాదమ్మా. నాకు అంత టైము లేదు, అదీ నిజమే. ఆయన దగ్గరికి వెళ్తున్నాక నోరు విప్పుతున్నాడని మీరే చెప్పారు. కానీ ఇవాళ మాత్రం వద్దు. మనిషి ఇప్పుడు తోలు ఊడిన చెయ్యిలాగా ఉంటాడు. ఏది తగిలినా తట్టుకోలేడు. ఆపించండి.”

ఆపించండి అని చెప్పడం డాక్టరుకి తేలికే.

* * *

మందిరం వెనక గది ఒకప్పుడు వాయిద్యాల గది. ఇప్పటికీ మూల ఒక పగిలిన డోలకు, గుడ్డ కప్పిన హార్మోనియం ఉన్నాయి. మధ్యలో రెండు కుర్చీలు, ఏటవాలుగా, ఒకరి మొహం ఒకరు చూడాలంటే చూడొచ్చు, వద్దంటే గోడ చూసుకోవచ్చు. ఈ పూట అన్నయ్య మూడో కుర్చీ తెచ్చి తుడుస్తున్నాడు.

“ఆ కుర్చీ లోపల పెట్టెయ్, అన్నయ్యా.”

“రా చిట్టీ. నువ్వూ వచ్చావా? మంచిది, నాలుగోది కూడా తెస్తాను.”

“ఎక్కాలప్పుడు లెక్క రాదు నీకు, ఇప్పుడు కుర్చీలు లెక్కపెడుతున్నావా?” కస్సుమంది చిట్టి. ఇంట్లో ఏం జరిగిందో, మాత్రలు ఎందుకు మానేశాడో, డాక్టరు ఏమన్నాడో నిలబడే చెప్పేసింది.

అన్నయ్య చేతిలో గుడ్డ కిందపడింది.

“నేను అడిగాను చిట్టీ. వేసుకుంటున్నానన్నారు.”

“కన్నీళ్లతో ఒప్పుకోమన్నావట.”

“అన్నాను.” అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. “ఇరవై మందికి అన్నాను ఆ మాట. ఒక్కరు కూడా… ఎవరైనా ఇలా పట్టుకుంటారా?”

“లిఫ్టు మెకానిక్కు అన్నయ్యా ఆయన! పుస్తకంలో ఏ బోల్టు ఎంత బిగించమని రాస్తే అంతే బిగించే మనిషి. చెప్పినట్టు చెయ్యడమే ఆయనకి తెలుసు. నువ్వు కన్నీళ్లన్నావు, ఆయన కన్నీళ్లకి ఏది అడ్డమో చూసి దాన్ని విప్పి పక్కన పెట్టాడు.”

అన్నయ్యకి నవ్వూ ఏడుపూ కాని మొహం వచ్చింది. చెల్లెలికి ఆ మొహం చూసి జాలేసింది గానీ, జాలిపడే తీరిక లేదు.

“ఆపెయ్యి ఇవాళ్టిది. ఆవిడకి ఫోన్ చెయ్యి.”

“ఇంకో వారం ఆగలేను చిట్టీ.”

“నువ్వు ఆగలేవా? నీకేమైంది మధ్యలో?”

అన్నయ్య తలుపు వైపు చూశాడు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“మంగళవారాలు మీ ఆయన వస్తాడు. బుధవారాలు ఆ అమ్మాయి వస్తుంది. రెండు నెలలుగా. ఇదే కుర్చీ.”

చిట్టికి ఆ కుర్చీ వైపు చూడాలంటే ఎలాగో అనిపించింది. “నాకెందుకు చెప్పలేదు?”

“ఆ అమ్మాయి విషయం నీకెలా చెప్తాను? ఈ గదిలో చెప్పింది గుమ్మం దాటకూడదు.”

“ఆయన నీ దగ్గర ఏం ఒప్పుకున్నాడు?”

“అదీ చెప్పకూడదు.”

“నేను పెళ్లాన్ని!”

“అందుకే చెప్పకూడదు.” అన్నయ్య గొంతు తగ్గింది. “విను. ఆ డాక్టరు నాలుగు నెలలు చూశాడు. నువ్వూ చూశావు. ఆయన నోట్లోంచి ఆ రోజు మాట ఒక్కటి ఎవరైనా రప్పించారా? నా దగ్గర చెప్పాడు. మూడు వారాల కింద. చెప్పాక గోడకి తలానించి అలాగే నిద్రపోయాడు, గంటసేపు. నేను కదల్లేదు. నేను చేసిందంతా తప్పే అనకు.”

“తప్పే అనట్లేదు. తొందరంటున్నాను. ఎందుకీ తొందర?”

“మంగళవారం విన్నది మర్చిపోయి బుధవారం ప్రార్థన చేయించడం నా వల్ల కావట్లేదు.” ఆ మాట అనేసి అన్నయ్య రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. “నిజం చెప్పాలంటే ఆశ కూడా ఉంది. ఈ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని క్షమించుకోవడం ఒక్కసారి చూడాలని. గర్వమే అనుకో.”

“అనుకుంటాను. ఫోన్ చెయ్యి.”

అన్నయ్య ఫోన్ తీసి నంబరు నొక్కాడు. తలుపు అవతల, మందిరంలో, ఫోన్ మోగింది.

ఆ అమ్మాయి గంట ముందే వచ్చి చివరి బల్ల మీద కూర్చునుంది. ఆసుపత్రి వంటగదిలో పని. ఆ నీలం కోటు మీదనే వచ్చేసింది. ఒళ్లో ఒక ప్లాస్టిక్ ఫైలు. “డ్యూటీ తొందరగా దిగానండీ అయ్యగారూ. ఇంటికెళ్తే మళ్లీ రాబుద్ధి కాదేమోనని ఇటే వచ్చేశాను.” చిట్టిని చూసి లేచి నిలబడింది. “బాగున్నారా అక్కా?”

చిట్టి తలూపి, చూపు ఆ ఫైలు మీదికి మళ్లించింది. అయిదు నెలలుగా ఈ పిల్ల గడప తొక్కలేదు తను. మొదట మొగుడి జబ్బు వంక, తర్వాత అలవాటు.

“ఇవాళ వద్దమ్మా,” అన్నాడు అన్నయ్య. “ఆయన ఒంట్లో బాగోలేదు. ఇంకో రోజు…”

“అదిగో వచ్చేశారుగా,” అంది ఆ అమ్మాయి.

మెట్ల మీద మెకానిక్కు. పక్కన అత్తగారు, చంకలో గుడ్డసంచీ, ‘నేను ఆపాను, వినలేదు’ అన్న మొహం. అతను గడ్డం గీసుకున్నాడు. రెండు చోట్ల కోసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చిట్టి ఎదురెళ్లి దారికడ్డంగా నిలబడింది.

“ఇంటికెళ్దాం పదండి. ఆరింటికి డాక్టరు రమ్మన్నాడు.”

“ఆరింటికి వెళ్దాం,” అన్నాడు అతను. “ఇంకా నాలుగే కాలేదు.”

ఆమెను పక్కకి జరిపి గదిలోకి వెళ్లిపోయాడు.

* * *

అత్తగారు మందిరంలోనే మోకరించింది. గదిలో నలుగురు. కుర్చీలు మూడు. చిట్టి మొగుడి వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పడితే పట్టుకోవచ్చని.

అన్నయ్య కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. రెండు మాటలయ్యాయో లేదో మెకానిక్కు అడ్డం వచ్చాడు.

“బావగారూ, నేను చెప్పేస్తాను. తర్వాత చేద్దాం.”

ఆ అమ్మాయి వైపు తిరిగాడు. కూర్చోలేదు.

“తమ్ముడు నీకు మా పని గురించి చెప్పే ఉంటాడమ్మా. పైన మిషను గదిలో ఒకరు, లిఫ్టు అడుగున గొయ్యిలో ఒకరు. లిఫ్టు కదిలించే ముందు పైవాడు ‘ఖాళీ?’ అని అరవాలి. కిందవాడు గొయ్యిలోంచి బయటికొచ్చి ‘ఖాళీ’ అని అరవాలి. అదే మాట. వేరే మాటైతే గోలలో సరిగ్గా వినబడదని కంపెనీలో అదే మాట పెట్టారు. ఆ మాట వినబడితేనే స్విచ్.”

“చెప్పేవాడు,” అంది ఆ అమ్మాయి. “ఇంట్లో కూడా అలాగే అరిచేవాడు స్నానాల గది ముందు. మా పిల్ల లోపల్నుంచి ‘ఖాళీ కాదు’ అనేది.”

ఎవరూ నవ్వలేదు గానీ, గదిలో గాలి కొంచెం కదిలింది.

“ఆ రోజు నేను ‘ఖాళీ?’ అన్నాను. ‘ఖాళీ’ అని వినబడింది. స్విచ్ వేశాను. విచారణలో అదే చెప్పాను. జవాబు వినబడిందని.” మెకానిక్కు పెదాలు తడుపుకున్నాడు. “అది తమ్ముడి గొంతు కాదు. నాదే. లిఫ్టు నడిచే ఆ షాఫ్టు గోడల్లోంచి నా గొంతే తిరిగొచ్చింది.”

చిట్టి వీపు గోడకి ఇంకా గట్టిగా అతుక్కుంది.

“అలా తిరిగొస్తుందని నాకు తెలియక కాదు. ఎనిమిదేళ్లుగా వింటున్నాను. ముందు నా గొంతు వస్తుంది, ఒక క్షణం ఆగితే తమ్ముడిది వస్తుంది. రోజూ ఆగేవాణ్ని. ఆ రోజు ఆగలేదు.”

“ఎందుకు ఆగలేదు?”

ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది. బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగినట్టు.

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు. “ఆకలేసింది,” అన్నాడు. “భోజనాల టైము దాటిపోయింది. అది అయిపోతే కిందికి దిగి తిందామని. ఇంతకన్నా ఏం లేదమ్మా. ఉంటే బాగుండు.”

కుర్చీలో పడ్డాడు. అరచేతుల్తో కళ్లు రుద్దుకున్నాడు, గట్టిగా, ఎర్రబడేదాకా. చేతులు తీసి చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

“ఏడుపు రావట్లేదు. మందులు మానేసి కూడా చూశాను. రావట్లేదు. ఏమీ అనిపించక కాదమ్మా.”

“మీ ఏడుపు నాకెందుకన్నయ్యా?” అంది ఆ అమ్మాయి. “నా ఏడుపు నాకుంది. దాన్నే మొయ్యలేకపోతున్నాను.”

ఫైలు విప్పింది. విచారణ రిపోర్టు. మడతల దగ్గర చిరగబోతోంది.

“ఇందులో ఏముందో మీకూ తెలుసు. జవాబు చెప్పి కూడా, బయటికి రాకుండా, అజాగ్రత్తగా గొయ్యిలోనే ఉండిపోయాడు అని. ఆయన జవాబే చెప్పలేదంటున్నారు మీరు.”

“చెప్పలేదు.”

“ఇంకోసారి అనండి.”

“తమ్ముడు జవాబు చెప్పలేదు. తమ్ముడి తప్పేం లేదు.”

ఆ అమ్మాయి తల వంచుకుని కాగితాన్ని చూస్తూ ఉండిపోయింది. మళ్లీ తలెత్తినప్పుడు మెకానిక్కు వైపు చూడలేదు. అన్నయ్య వైపు చూసింది.

“అయ్యగారూ, ఇది మీకు ఎప్పట్నుంచి తెలుసు?”

అన్నయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

“అమ్మా, ఒకరు చెప్పింది ఇంకొకరికి…”

“ఎప్పట్నుంచి?”

“మూడు వారాలు.”

“మూడు బుధవారాలు.” ఆమె వేళ్లు ముడుచుకుంది. “మా ఆయన మీద నాకు ఎంత కోపం ఉందో మీకే చెప్పాను. పెళ్లాం, పిల్ల ఉన్నారన్న ధ్యాస లేకుండా ఒళ్లు మరిచి చచ్చిపోయాడని. పడుకుంటే కోపం, లేస్తే కోపం. ఆయన ఫోటో గోడకి తిప్పి పెట్టాను. మీరేమన్నారు? క్షమించు అన్నారు. పైకి ప్రార్థన చెయ్యి, నా భర్త అజాగ్రత్తని క్షమిస్తున్నాను ప్రభువా అను అన్నారు. అన్నాను. మూడు బుధవారాలూ అన్నాను. మీరు పక్కన కూర్చుని ఆమెన్ అన్నారు.”

“నేను ఆ మాట దగ్గర ఆమెన్ అనలేదమ్మా,” అన్నాడు అన్నయ్య. “నోరు రాలేదు.”

“చెయ్యని తప్పుకి ఆయన్ని క్షమించాను. ఆయనకి ఎలా ఉంటుంది?”

అన్నయ్య చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడ్చేవాడు కాదు. ఇప్పుడు అతని కళ్లలోంచి నీళ్లు కారి చొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. ఆ గదిలో కన్నీళ్లు ఎవరికి రావాలనుకుంటే ఎవరికి వచ్చాయో చూడండి.

“నన్ను క్షమించమ్మా,” అన్నాడు.

“మీ సంగతి తర్వాత చూద్దాం అయ్యగారూ. మొదటి రోజు మీరు నాకొక కాగితం ఇచ్చారు. నాలుగు మాటలు రాసుంది. తప్పు గుర్తించు, ఒప్పుకో, విడిచిపెట్టు, సరిచెయ్యి. అన్నయ్యకీ అదే ఇచ్చుంటారుగా?”

మెకానిక్కు తలూపాడు.

“గుర్తించారు. ఒప్పుకున్నారు, నా దగ్గరా, దేవుడి దగ్గరా. ఈ నాలుగో మాట ఏది? మా పిల్ల స్కూల్లో ఒకమ్మాయి అందట, మీ నాన్న తన తప్పు వల్లే చచ్చిపోయాడంట కదా అని. దేవుడికి తెలిసిందని ఆ పిల్లకి తెలుస్తుందా?” ఆమె రిపోర్టు తీసి అతని మోకాళ్ల మీద పెట్టింది. “సోమవారం కంపెనీకి వెళ్లండి. ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పండి. రాసి సంతకం పెట్టండి. క్షమించడం అప్పుడు చూస్తాను. మాటివ్వట్లేదు. చూస్తాను.”

మెకానిక్కు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చిత్రంగా అతని చేతుల వణుకు తగ్గింది. చిట్టి ఆ చేతుల్ని పైనుంచి చూస్తోంది. సోమవారం ఈ మనిషి కంపెనీ మెట్లెక్కుతాడు. విచారణలో అబద్ధం చెప్పానంటాడు. ఉద్యోగం పోతుంది, అది చిన్న విషయం. పోలీసులు వస్తారు. ఇతన్ని ఒక గదిలో కూర్చోబెట్టి ‘ఎందుకు ఆగలేదు’ అని అడుగుతారు. పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ ఆకలేసిందనే చెప్తాడు, చెప్పినట్టు చేసే మనిషి కదా. తోలు ఊడిన చెయ్యి. ఆ తర్వాత ఇతన్ని ఎవరు పట్టుకుంటారు? డాక్టరు ఏడు నిమిషాలా? అన్నయ్య ప్రార్థనా?

ఈ పిల్ల అడిగినదాంట్లో అన్యాయం ఎక్కడుందో వెతికింది. దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేది! నోరారా తిట్టి మొగుణ్ని ఇంటికి తీసుకుపోయేది.

“అక్కా, మీరు చెప్పండి,” అంది ఆ అమ్మాయి. “మీరు వెళ్లమంటే వెళ్తారు.”

ముగ్గురూ చిట్టి వైపు చూశారు. ఆమె మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

“వద్దు,” అంది.

అంత చిన్న మాట తన నోట్లోంచి అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. మందిరంలో అత్తగారి ప్రార్థన ఆగిపోయింది. వెనక్కి తీసుకుందామనుకుంది. తీసుకోలేకపోయింది. తీసుకుంటే అది అబద్ధమవుతుంది. ఇవాళ్టికి ఈ గదిలో చాలినన్ని నిజాలు చెప్పుకున్నారు, తనదొక్కటి తక్కువెందుకు?

“వద్దు,” అంది మళ్లీ. “ఈయన్ని నేను పంపించను.”

ఆ అమ్మాయి కోప్పడలేదు. తల మెల్లిగా ఊపింది.

“మీ చోట నేనుంటే నేనూ అదే అనేదాన్నక్కా,” అంది. “కానీ మీ చోట నేను లేను కదా.”

చిట్టి వేళ్లు ఇంకా మొగుడి మోచేతిని పట్టుకునే ఉన్నాయి. అతను ఆమె మొహంలోకి చూడకుండా, ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసుకుంటున్నాడు.